నడుము నొప్పి మన తలరాత కాదు

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం సమావేశం అంటే గిట్టుబాటు ధర, పంటల బీమా, బోరు, కరెంటు, కౌలు కార్డు. ఈసారి నడుము గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. మేము ముగ్గురం ఫిజియోథెరపీ చదివి ఆసుపత్రుల్లో పని చేస్తున్నవాళ్ళం. ముగ్గురివీ ఈ పల్లెల్లోని సేద్యం ఇళ్ళే. ఇది సంఘం మాట్లాడాల్సిన సంగతేనా అని కొందరికి అనుమానం ఉండొచ్చు. అందుకే ముందు ఒక మాట అడుగుతాం. ఈ ఏడాది శనక్కాయ పీకినాకనో, మల్బరీ కోసినాకనో, మూట దించినాకనో నడుము పట్టుకుని లేచినవాళ్ళు చేతులెత్తండి.

చూశారు కదా. ఎత్తిన చేతుల కంటే ఎత్తని చేతులను లెక్కపెట్టడమే సులువు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారు. మనిషిని పనికి దూరం చేసే జబ్బుల్లో ప్రపంచం మొత్తం మీద మొదటి స్థానం దీనిదే. గుండె జబ్బు మనిషిని చంపుతుంది కాబట్టి దాని గురించి అందరూ మాట్లాడతారు. నడుము నొప్పి చంపదు, కూర్చోబెడుతుంది. రెక్కాడితే గానీ డొక్కాడని ఇంట్లో కూర్చోబెట్టడం అంటే ఏమిటో మీకు మేము చెప్పనక్కర్లేదు.

ఒక ఇంటి సంగతి

మాలో ఒకరి అమ్మ సంగతి చెబుతాం. పెనుకొండ వైపు పల్లె. ఐదెకరాల మెట్ట. ఒక ఏడు శనక్కాయ పీకే రోజుల్లో మూట ఎత్తబోయి ఉన్నట్టుండి నడుము పట్టేసింది. ఊళ్ళో సూది వేయించారు. రెండు రోజులు తగ్గి మళ్ళీ మొదలైంది. పట్నంలో చూపిస్తే స్కానింగ్ తీసి, "డిస్క్ జారింది, రెండు నెలలు మంచం దిగొద్దు, బెల్టు తీయొద్దు" అన్నారు. ఆమె అట్లే పడుకుంది. పాడి ఆవు ఒకటి అమ్ముడు పోయింది. రెండు నెలల తర్వాత లేస్తే కాళ్ళు వణికాయి. నొప్పి మాత్రం అట్లే ఉంది. పైగా కొత్తగా భయం పట్టుకుంది. వంగితే వెన్ను విరిగిపోతుందేమోనని కింద పడిన చెంబు కూడా తీసేది కాదు.

అప్పటికి మాకు చదువు పూర్తి కాలేదు. తర్వాత తెలిసింది, ఆమెకు కావాల్సింది మంచం కాదు, మెల్లమెల్లగా కదలడం అని. మొదట ఇంట్లోనే పది నిమిషాల నడక. తర్వాత చాప మీద రెండు మూడు కదలికలు. మూడు నెలలకు ఆమె మళ్ళీ చేలోకి వచ్చింది. అందరం సంతోషించాం. కానీ కథ అంతటితో అయిపోలేదు. మరుసటి ఏడు పంట కోతకు అదే మూట, అదే బరువు, అదే తొందర. మళ్ళీ నడుము పట్టేసింది.

ఈ రెండు సంగతులనూ కలిపి చెప్పడానికే మేము వచ్చాం. ఒంటిని బాగు చేసుకునే దారి ఉంది, అది మన చేతిలోనే ఉంది. అయితే బాగుపడిన ఒంటిని మళ్ళీ పాడు చేసే పని పద్ధతి మారకపోతే వ్యాయామం సగం మందే అవుతుంది. మొదటి సగం మన ఇంట్లోది. రెండో సగం సంఘానిది.

నడుము లోపల ఏముంది?

వెన్నెముక ఒకే కడ్డీ కాదు. చిన్న చిన్న ఎముకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటి మధ్య మెత్తటి దిండ్ల లాంటి డిస్కులు. ఈ వరుసను నిలబెట్టేది చుట్టూ ఉన్న కండరాలు. ముందు కడుపు కండరాలు, వెనుక వీపు కండరాలు, పక్కన డొక్కల కండరాలు, కింద పిరుదులు. ఈ నాలుగు వైపుల పట్టునే డాక్టర్లు కోర్ అంటారు. మన మాటలో నడుము పట్టు.

లేపాక్షి గుడిలో వేలాడే స్తంభం అందరూ చూసిందే. కింద గుడ్డ దూర్చి ఇవతల నుంచి అవతలికి లాగుతారు. ఆ స్తంభం నేలను పూర్తిగా ఆనడం లేదు. అయినా కప్పు పడలేదంటే, దాని బరువు కూడా చుట్టుపక్కల స్తంభాలే మోస్తున్నాయని అర్థం. మన ఒంట్లోనూ అంతే. కడుపు, పిరుదుల కండరాలు పని మానేస్తే వాటి వంతు బరువు వీపు మీద, డిస్కుల మీద పడుతుంది. గుడి రాతిది కాబట్టి వందల ఏళ్ళు ఓర్చుకుంది. మనది రాయి కాదు.

వంగినప్పుడు డిస్కు మీద ఎంత ఒత్తిడి పడుతుందో 1960ల్లో స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్ నాకెమ్సన్ డిస్కులోకి సూది పంపి కొలిచాడు. పడుకున్నప్పుడు అన్నిటికంటే తక్కువ. నిలబడితే ఎక్కువ. ముందుకు వంగితే ఇంకా ఎక్కువ. నడుము వంచి బరువు ఎత్తితే మరింత ఎక్కువ. మన పనులు ఏ వరుసలో ఉన్నాయో మీరే చూసుకోండి.

ఇంకొక సంగతి మనకు బాగా పనికొస్తుంది. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున లేచేటప్పటికి మనం సాయంత్రం కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తు ఉంటాం. ఉబ్బిన డిస్కును వెంటనే వంచితే దానికి ఎక్కువ శ్రమ. 1998లో అమెరికాలో స్నూక్ అనే పరిశోధకుడు నడుము నొప్పి ఉన్నవాళ్ళకు పొద్దున లేచిన తొలి గంటల్లో నడుము వంచకుండా జాగ్రత్త పడడం నేర్పాడు. వాళ్ళకు నొప్పి ఉన్న రోజులు తగ్గాయి. మరి మనం? కోడి కూయగానే లేచి, మొహం కడిగీ కడగకముందే కసువు ఊడ్చి, పేడ ఎత్తి, మల్బరీ తోటలో వంగుతాం. అర్ధగంట నిలబడి చేసే పనులు ముందు పెట్టుకుని, వంగే పనులు తర్వాతకు జరిపినా మేలే.

"పొద్దుగూకులూ పని చేస్తాం కదప్పా"

మేము వ్యాయామం అనగానే మా ఊళ్ళల్లో వచ్చే మాట ఇదే. "పొద్దుగూకులూ పని చేస్తాం కదప్పా, మళ్ళా ఎక్సర్‌సైజులు యాల?" న్యాయమైన ప్రశ్న. జవాబు కూడా సూటిగానే చెబుతాం.

పని వేరు, వ్యాయామం వేరు. పనిలో ఒంటిని పని నడుపుతుంది. ఒకే వైపు వంగుడు, ఒకే చెయ్యి, ఒకే కాలు, గంటల తరబడి, అలసినా ఆగకుండా. వ్యాయామంలో ఒంటిని మనం నడుపుతాం. పది క్షణాలు బిగించి వదులుతాం, రెండు వైపులా చేస్తాం, నొప్పి పెరిగితే ఆపుతాం. డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్, ఆయన తోటివాళ్ళు ఈ తేడా మీద ఏళ్ళ తరబడి పని చేశారు. ఖాళీ సమయంలో చేసే శ్రమ ఒంటికి మేలు చేస్తుంటే, విశ్రాంతి లేకుండా చేసే బరువు పని ఆ మేలు చేయకపోగా కీడు కూడా చేస్తోందని చూపించారు. ఒకే చేలో ఏటా ఒకే పంట వేస్తే నేల ఏమవుతుందో మనకు తెలుసు. వ్యాయామం ఒంటికి పంట మార్పిడి లాంటిది.

మూడు ఊళ్ళు, మూడు రకాల నడుములు

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌కు గూళ్ళు తెచ్చే రైతులను చూడండి. మల్బరీ కొమ్మలు నేలకు దగ్గరగా కోయాలి. మోపు కట్టి తల మీద పెట్టుకుని షెడ్డుకు మోయాలి. నాలుగో జ్వరం దాటినాక పురుగులకు ఆకలి ఎక్కువ. మొత్తం తినే ఆకులో చాలా భాగం ఆ చివరి దశలోనే తింటాయి. ఆ వారం రోజులు ఇంట్లో ఎవరికీ నడుము ఆనదు. నేల మీద పరిచిన మంచాలకు మేత వేయడం అంటే వంగి నడవడమే. మంచాన్ని మోకాలి పైకి, వీలైతే నడుము ఎత్తుకు లేపి కట్టుకుంటే వంగుడు సగం తగ్గుతుంది. ఒక్క పెద్ద మోపు బదులు రెండు చిన్న మోపులు కట్టండి. ఒక నడక ఎక్కువవుతుంది నిజమే. నడక నడుముకు మంచిదే.

అదే హిందూపురంలో చింతపండు కాలంలో ఆడవాళ్ళు గొంతుకు కూర్చుని గింజ తీస్తారు. వాళ్ళకు నడుముతో పాటు మోకాళ్ళు, మెడ కూడా పోతాయి. జానెడు ఎత్తు పీట వేసుకుని, కొట్టే బండను కాస్త ఎత్తుకు తెచ్చుకుంటే మెడ వంగేది తగ్గుతుంది.

పెనుకొండ చుట్టూ శనక్కాయ. చెట్టు పీకడం, దులపడం, వామి వేయడం, కాయ విడదీయడం, మూట మోయడం. పీకేటప్పుడు నడుము వంచి అట్లే గంట సేపు ఉండిపోతాం. సాలు చివరికి పోయినప్పుడు నిటారుగా నిలబడి ఐదుసార్లు వెనక్కి వంగండి. అరనిమిషం పని. మూట ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచి, మూటను ఒంటికి ఆనించుకుని లేవండి. చేతులు చాచి దూరం నుంచి ఎత్తొద్దు. ఎత్తి ఉన్నప్పుడు నడుము తిప్పొద్దు, పాదాలు తిప్పండి. ఇద్దరు ఎత్తాల్సిన మూటను ఒక్కరు ఎత్తడం మగతనం కాదు.

ధర్మవరంలో వానలు ఎగ్గొట్టిన ఏడు ఎంతోమంది సన్నకారు రైతు బిడ్డలు మగ్గం పట్టారు. గుంత మగ్గంలో కాళ్ళు గుంతలో, నడుము ముందుకు, మెడ చీర మీదకు. పట్టుచీర అందం చూసేవాళ్ళకు నేసేవాళ్ళ వెన్ను కనబడదు. కూర్చునే పలక వెనుక అంచు కింద దుప్పటి మడత పెట్టి రెండంగుళాలు లేపితే నడుము దానంతటదే నిటారు అవుతుంది. కాళ్ళు చాచకుండా తొక్కుడు చెక్క అందాలి. దీపం సరిగ్గా చీర మీద పడితే మెడ వంగేది తగ్గుతుంది. అర్ధగంటకు ఒకసారి గుంతలో నుంచి లేచి నాలుగు అడుగులు వేయాలి.

చాప మీద పది నిమిషాలు

ఇప్పుడు చేసి చూపిస్తాం. చాప చాలు. చీరలో ఉన్నా చేయొచ్చు. ఊపిరి బిగపట్టకండి. మామూలుగా పీల్చి వదులుతూ చేయండి.

మొదటిది, కడుపు బిగింపు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి, అరికాళ్ళు నేల మీద. ఎవరో కడుపులో వేలితో పొడవబోతున్నారు అనుకోండి. అప్పుడు కడుపు ఎట్లా గట్టిపడుతుందో అట్లా బిగించండి. కడుపు లోపలికి పీల్చడం కాదు, గట్టిపరచడం. పది లెక్కపెట్టి వదలండి. ఐదుసార్లు. ఇది వచ్చాక మూట ఎత్తే ముందు కూడా ఇట్లే బిగించాలి.

రెండోది, పిరుదులు ఎత్తడం. అదే భంగిమలో మడమలు నేలకు అదిమి పిరుదులు పైకి లేపండి. భుజం నుంచి మోకాలి దాకా ఒకే గీత కావాలి. ఐదు లెక్కపెట్టి దించండి. ఎనిమిది నుంచి పదిసార్లు. బిగుసుకోవాల్సింది పిరుదులు, నడుము కాదు.

మూడోది, పాకే బిడ్డ. చేతులు, మోకాళ్ళ మీద ఉండండి. కడుపు బిగించి కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాచండి. వీపు మీద చెంబు పెడితే నీళ్ళు ఒలకనంత కదలకుండా ఉండాలి. ఎనిమిది లెక్కపెట్టి మార్చండి. ఒక్కో వైపు ఐదుసార్లు.

నాలుగోది, పక్క వాలు. పక్కకు పడుకుని మోచెయ్యి మీద ఆనుకుని, మోకాళ్ళు మడిచి, తుంటిని నేల నుంచి లేపండి. ఎనిమిది లెక్కపెట్టండి. రెండు వైపులా మూడు నాలుగుసార్లు. భుజం నొప్పి ఉన్నవాళ్ళు నిలబడి గోడకు మోచెయ్యి ఆనించి చేయొచ్చు. ఈ మూడో, నాలుగో కదలికలు కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద ముప్పై ఏళ్ళకు పైగా పని చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ ఎంచినవాటిలోవి. డిస్కు మీద తక్కువ బరువు వేసి కండరానికి ఎక్కువ పని చెప్పడం వీటి గుణం.

ఐదోది, వెనక్కి వంగడం. నిలబడి రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని మెల్లగా వెనక్కి వంగి రండి. ఐదు నుంచి పదిసార్లు. వంగి పని చేసేవాళ్ళకు ఇది చేలోనే చేసుకునే మందు. ఒక గుర్తు పెట్టుకోండి. కాల్లోకి పాకిన నొప్పి పైకి జరిగి నడుము దగ్గరికి వస్తే మంచి లక్షణం. నడుములోది కాలి కిందికి పాకుతుంటే ఇది ఆపండి. వయసు మళ్ళి, నిలబడితే కాళ్ళు లాగి కూర్చుంటే తగ్గేవాళ్ళు కూడా ఇది చేయొద్దు.

ఆరోది, కర్రతో వంగడం. కర్రను వీపు వెంబడి నిలువుగా పట్టుకోండి. తల వెనుక, భుజాల మధ్య, పిరుదుల మధ్య మూడు చోట్లా ఆనాలి. మోకాళ్ళు కొద్దిగా మడిచి, పిరుదులు వెనక్కి నెడుతూ వంగండి. మూడు చోట్లా కర్ర ఆనే ఉండాలి. ఒక్క చోట విడిపోయినా నడుము వంగింది, తుంటి వంగలేదు అని లెక్క. పదిసార్లు. వంగొద్దు అని మేము చెప్పడం లేదు. వంగకుండా సేద్యం లేదు. తుంటి దగ్గర వంగడం నేర్చుకోమంటున్నాం.

వీటికి తోడు నడక. 2024లో ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి లాన్సెట్ పత్రికలో వచ్చింది. నడుము నొప్పి వచ్చి తగ్గిన 701 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఫిజియోథెరపిస్టులు వారానికి ఐదు రోజులు అర్ధగంట నడిచే దాకా మెల్లగా అలవాటు చేశారు. నొప్పి మళ్ళీ రావడానికి ఆ గుంపుకు మధ్యస్థంగా 208 రోజులు పట్టింది. రెండో గుంపుకు 112 రోజులే. మనకు ఇప్పుడు పక్క చేనికి కూడా మోటార్ సైకిలే. వారంలో నాలుగైదు రోజులు బండి ఇంట్లో పెట్టి చేతులు ఊపుతూ చేనికి నడిచి పోండి. చెయ్యి ఊపడానికి వీలుగా తల మీద మోపు లేని నడక అది.

మొదటి వారం ఒళ్ళు కొంచెం నొస్తుంది. అది కండరం మేలుకుంటున్న నొప్పి. ఫలితం ఆరు నుంచి పన్నెండు వారాల్లో కనబడుతుంది. శనక్కాయ వేసిన పదో రోజే కాయ వచ్చిందా అని పీకి చూడం కదా.

ఎప్పుడు ఆగకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి

నడుము నొప్పి కేసుల్లో దాదాపు 90 శాతానికి ఫలానా జబ్బు అని కారణం చూపలేం. వాటికి కదలికే మందు. మిగిలినవాటిని మాత్రం వదిలేయొద్దు. మూత్రం, దొడ్డికి పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం ఎత్తలేకపోయినా అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం నడుము నొప్పితో కలిసి ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు, పరీక్ష చేయించాలి. చెట్టు మీద నుంచో, ట్రాక్టర్ మీద నుంచో పడినాక వచ్చిన నొప్పికి ముందు ఎక్స్‌రే. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు కొత్త నడుము నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు.

మన జిల్లాకు ఇంకొక జాగ్రత్త కావాలి. లోతు బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళు మనకు ఉన్నాయి. పిల్లల పళ్ళ మీద మచ్చలు, పెద్దల వెన్ను, మెడ, కీళ్ళు బిగుసుకుపోవడం కనబడితే వ్యాయామం ఒక్కటే చాలదు. ముందు నీళ్ళు పరీక్ష చేయించాలి. తాగే నీళ్ళల్లో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఫ్లోరైడ్ ఉండకూడదు.

స్కాను, సూది, బెల్టు

హిందూపురం నుంచి బెంగుళూరు దగ్గర. నొప్పి రాగానే స్కాను కోసం అక్కడికి పోతున్నాం. "డిస్క్ ఉబ్బింది" అని రాసిన కాగితం చూసి ఇంటిల్లిపాదీ భయపడుతున్నాం. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష సంగతి వినండి. ఏ నొప్పీ లేని మనుషుల స్కాన్లు చూస్తే ఇరవై ఏళ్ళవాళ్ళలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉంది. తల వెంట్రుకలు నెరిసినట్టే డిస్కు కూడా నెరుస్తుంది. కాగితాన్ని బట్టి కాదు, మనిషిని బట్టి వైద్యం కావాలి. పైన చెప్పిన ప్రమాద లక్షణాలు లేకుంటే మొదటి వారాల్లో స్కాను అక్కర్లేదు.

నొప్పి మాత్రలు కొద్ది రోజులకు డాక్టర్ చెప్పి ఇస్తే సరే. ఎండలో నీళ్ళు తాగకుండా పని చేస్తూ, రోజూ మాత్ర మింగుతూ పోతే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. ఇక బెల్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబర్‌లో దీర్ఘకాల నడుము నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం చేయించమని, రోగికి అర్థమయ్యేలా చెప్పమని అంది. నడుము బెల్టులు, నడుము లాగే ట్రాక్షన్ మామూలుగా వాడొద్దు అంది. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోయే సీమ మనది. విరిగిన ఎముక కదలకుండా ఉంటే అతుక్కుంటుంది. పట్టు తప్పిన నడుము కదలకుండా ఉంటే ఇంకా బలహీనమవుతుంది. ఈ తేడా తెలిసి ఉంటే మాలో ఒకరి ఇంట్లో ఆ ఆవు ఉండేది.

ఇక సంఘం వంతు

1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లోనే ఒంటికి హాని చేసేంత బరువు ఎవరితోనూ ఎత్తించకూడదని రాశారు. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక పెద్ద మగమనిషి చేత ఎత్తించే బరువు 55 కిలోలు దాటితే తగ్గించే చర్యలు తీసుకోవాలని, ఆడవాళ్ళకు అంతకంటే బాగా తక్కువ ఉండాలని సిఫార్సు చేసింది. మన పిల్లలు యెర్రమంచి కార్ల ఫ్యాక్టరీ గేటు లోపలికి పోతే వాళ్ళ నడుముకు చట్టం తోడుంది. గేటు ఇవతల అదే నేల మీద మూట మోసే వాళ్ళ అమ్మకు ఏ తూకం లేదు.

యూరియా బస్తా చూడండి. 2018లో దాన్ని 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గించారు. ఎందుకు? వాడకం తగ్గించడానికి. నడుము కోసం కాదు. అంటే బస్తా బరువు దేవుడు రాసింది కాదు, ప్రభుత్వం ఒక కాగితంతో మార్చగలిగింది. ఒక కారణానికి ఐదు కిలోలు తగ్గించగలిగినవాళ్ళు మన వెన్ను కోసం ఇంకొన్ని కిలోలు ఎందుకు తగ్గించకూడదు?

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాం. అమెరికాలోని కాలిఫోర్నియాలో కూరగాయల చేలల్లో కూలీల చేత పొట్టి పిడి ఉన్న పారతో కలుపు తీయించేవాళ్ళు. రోజంతా రెండుగా వంగి. పొడవు పిడి ఇస్తే పని నాణ్యత పోతుందని యజమానులు వాదించారు. అసలు సంగతి, కూలీ నిటారుగా నిలబడితే పని ఆపాడని మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోయేది. సీజర్ చావెజ్ నాయకత్వంలోని వ్యవసాయ కార్మికుల సంఘం, వాళ్ళ తరఫు లాయర్లు, వెన్నులు పాడైన కూలీలు, సాక్ష్యం చెప్పిన డాక్టర్లు కలిసి పోరాడారు. 1975లో ఆ పార నిషేధం అయింది. తర్వాత పొడవు పిడితో కూడా పంటలు బాగానే పండాయి. ఆ కూలీలు వ్యాయామం నేర్చుకుని ఊరుకుని ఉంటే ఆ పార ఇంకా ఉండేది.

అందుకని సంఘం ముందు నాలుగు కోరికలు పెడుతున్నాం. ఒకటి, ఎరువులు, విత్తనాలు, దాణా బస్తాలు మనిషి మోయదగ్గ బరువులో ఉండాలని, మార్కెట్ యార్డుల్లో మూట బరువుకు హద్దు పెట్టాలని తీర్మానం. రెండు, పొడవు పిడి కలుపు పనిముట్లు, శనక్కాయ పీకే, విడదీసే యంత్రాలు అద్దె కేంద్రాల్లో సన్నకారు రైతులకు, కౌలు రైతులకు ముందుగా అందాలి. మూడు, కూలి ఒప్పందాల్లో గంటకు ఐదు నిమిషాలు నడుము చాపుకునే విరామం కూలి కోయకుండా ఉండాలి. ఇది మనలో యజమానులుగా ఉన్నవాళ్ళు రేపే మొదలుపెట్టొచ్చు, దీనికి ఏ జీవో అక్కర్లేదు. నాలుగు, 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమంలోనే ఫిజియోథెరపీ సేవలు ఒక భాగం. ఆ సేవలు జిల్లా కేంద్రం దగ్గర ఆగిపోకుండా ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో వారానికి కొన్ని రోజులైనా అందాలని అడగాలి.

మా వంతుగా ఒక మాట ఇస్తున్నాం. ఏ ఊళ్ళో పదిమంది చాపలు పరిచి పిలిచినా ఆదివారం సాయంత్రం వచ్చి ఈ ఆరు కదలికలూ దగ్గరుండి నేర్పుతాం. ముందు ఆడవాళ్ళను పిలవండి. ఇంట్లో నొప్పి అని చివరగా చెప్పేది వాళ్ళే.

మా ఇంట్లో ఆ అమ్మ ఇప్పటికీ పొద్దున టీ తాగినాక చాప పరుస్తుంది. మూట మాత్రం ఒక్కతే ఎత్తదు. "రారా, ఒక చెయ్యి వెయ్యి" అని పిలుస్తుంది. ఆమె రెండూ నేర్చుకుంది, చాప మీది పని, ఇంకొకరిని పిలిచే పని. మనం సంఘంగా చేరింది ఆ రెండో దానికే కదా.

లేవండి. అందరం నిలబడి, చేతులు నడుము మీద పెట్టుకుని, ఐదుసార్లు వెనక్కి వంగి, ఆ తర్వాత భోజనాలకు పోదాం.